ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్

ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్ (జననం: 1492) జర్మనీలోని బవేరియాకు చెందిన ప్రభువంశపు స్త్రీ, రచయిత్రి. ప్రొటెస్టంట్ సంస్కరణోద్యమాన్ని సమర్థిస్తూ రచనలు ముద్రింపజేసిన తొలి మహిళలలో ఈమె ఒకరు. 1523లో ఇంగోల్‌స్టాడ్ట్ విశ్వవిద్యాలయ పండితులను తనతో చర్చకు రమ్మని లేఖ వ్రాయడం ద్వారా ఈమె ప్రసిద్ధురాలైంది. ఆ లేఖకు విశ్వవిద్యాలయం సమాధానమీయలేదు.

బాల్యం

ఈమె పుట్టినింటివారు ఫాన్ ష్టౌఫ్ వంశీయులు. ("ఫాన్" అనగా "యొక్క" లేదా "నుండి" అని అర్థం. మన ఇంటిపేర్లలో అనేకం ఊరిపేర్ల నుండి వచ్చినట్లే, అక్కడి ప్రభువంశాల పేర్లూ తరచు ఊరిని, కోటను సూచిస్తాయి.) ఈమెకు పదేళ్ళ వయసులో తండ్రి జర్మన్ భాషలో ముద్రితమైన బైబిలును బహూకరించాడు. అది సామాన్యులకు అందని ఖరీదైన గ్రంథం. అయితే దానిని చదివితే దారి తప్పగలదని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వారించడంతో, అప్పట్లో చదవలేదని ఆమెయే తరువాత వ్రాసుకున్నది.

యుక్తవయసులో మ్యూనిక్ రాజాస్థానంలో, చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ సోదరియైన కునిగుండే వద్ద పరిచారికగా చేరింది. 1509లో కొద్దిరోజుల వ్యవధిలోనే తల్లిదండ్రులిరువురూ మరణించారు. సంరక్షకుడైన పినతండ్రి హిరోనిమస్ రాజకీయ కలహాలలో చిక్కుకొని 1516లో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆర్గులా భర్త ఫ్రీడ్రిఖ్ ఫాన్ గ్రుంబాఖ్, డీట్‌ఫుర్ట్ పట్టణంలో బవేరియా ప్రభువుల తరఫున పాలనాధికారి. వీరికి నలుగురు సంతానం.

ఇంగోల్‌స్టాడ్ట్ లేఖ

మార్టిన్ లూథర్ బోధనలను బవేరియా ప్రభువులు 1522లో నిషేధించారు. మరుసటి సంవత్సరం ఆర్సాసియస్ జేహోఫర్ అనే యువ అధ్యాపకుడిని ఇంగోల్‌స్టాడ్ట్ విశ్వవిద్యాలయం నిర్బంధించి, అందరి ఎదుట బైబిలు చేతబట్టించి, తన అభిప్రాయాలు తప్పని ఒప్పించింది. తరువాత అతనిని ఎట్టాల్ మఠానికి పంపివేశారు. పండితులెవరూ నోరు మెదపలేదు. అప్పుడు 1523 సెప్టెంబరు 20న ఆర్గులా కలం పట్టింది.

ఆ యువకునిలో ఏ వాక్యం తప్పో బైబిలు ఆధారంగా చూపండి అన్నదే ఆమె వాదన. ఎనభైకి పైగా లేఖన ప్రస్తావనలతో దానిని బలపరచింది. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండవలెననే పౌలు వాక్యం ఆమెకు తెలియనిది కాదు. క్రీస్తును మనుష్యుల ఎదుట ఒప్పుకొనడం ప్రతి విశ్వాసి విధి గనుక, పురుషులు మాట్లాడనప్పుడు తాను మాట్లాడవలసి వచ్చిందని సమాధానం చెప్పింది. తనకు లాటిన్ రాదు గనుక చర్చ జర్మన్‌లో జరగాలని కోరింది. విద్వచ్చర్చలు లాటిన్‌లోనే జరిగే ఆ కాలంలో ఈ కోరిక ఎంత సాహసమో పాఠకులు గ్రహించగలరు.

లేఖ కొద్ది నెలలలోనే 14 సార్లు ముద్రితమైనది. 1523-24 మధ్య ఆమె మొత్తం ఎనిమిది కరపత్రాలు వెలువరించింది.

పర్యవసానం

విశ్వవిద్యాలయం మౌనం వహించినా, శిక్ష మాత్రం కుటుంబానికి తప్పలేదు. భార్యను అదుపులో పెట్టలేకపోయాడని ఫ్రీడ్రిఖ్ ఉద్యోగం ఊడింది. ఆయన స్వయంగా పాత మతాన్నే పాటించేవాడు. తనలోని క్రీస్తును భర్త హింసిస్తున్నాడని ఆర్గులా ఒక బంధువుకు వ్రాసిన లేఖలో వాపోయింది. ఆమెను పరిహసిస్తూ, ఇంటిపట్టున ఉండి నూలు వడుక్కోమని లాండ్స్‌హుట్ యోహాన్నెస్ అనే పేరుతో ఒకరు పద్యాలు ప్రకటించగా, ఆమె పద్యాలలోనే బదులిచ్చింది. 1524లో వెలువడిన ఆ జవాబే ఆమె చివరి ముద్రిత రచన.

అయినా లూథర్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు కొనసాగాయి. 1530లో కోబర్గ్ కోటలో ఆయనను స్వయంగా కలుసుకున్నది. అదే సంవత్సరం భర్త మరణించాడు. 1533లో చేసుకున్న రెండవ వివాహం కూడా రెండేళ్ళకే భర్త మరణంతో ముగిసింది. సంతానంలో ఒక్క కుమారుడు మాత్రమే ఆమె తరువాత జీవించి ఉన్నాడు. ఆమె మరణ సంవత్సరం 1554 అని కొందరు, 1560ల వరకు జీవించిందని కొందరు చరిత్రకారులు భావిస్తున్నారు.

శతాబ్దాలపాటు మరుగున పడిన ఈమె రచనలను పీటర్ మాథెసన్ ఆంగ్లంలోకి అనువదించి 1995లో ప్రచురించాడు.