మార్బుల్ కేక్‌లో తెలుపు ధర మనోళ్లు చెప్తారు, మరి నలుపు ధర ఎవరు చెప్తారు?

ఈ ఎపిసోడ్ కొల్లేటికోట నుంచి చేస్తున్నా. కొల్లేరు మధ్యలో లంక గ్రామం ఇది, పెద్దింట్లమ్మ గుడి ఉన్న ఊరు. ఇక్కడ ఇవాళ ఓవెన్ లేకుండా, మామూలు కుక్కర్‌లో మార్బుల్ కేక్ చేద్దాం. "బ్రో, నీది హిస్టరీ ఛానెల్ కదా, వంటలేంటి?" అని కామెంట్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ కేక్‌లో రెండు రంగులుంటాయి. తెల్ల పిండికి ప్రాణం కోడిగుడ్డు. నల్ల పిండికి ప్రాణం కోకో. రెండూ మన గోదావరి జిల్లాల్లోనే దొరుకుతాయి. కానీ ఒకదాని ధర రైతులు కూర్చుని చెప్తారు, రెండోదాని ధర లండన్, న్యూయార్క్ మార్కెట్లు చెప్తాయి. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే ఇవాళ్టి టాపిక్.

ముందు అసలు ఈ కేక్ ఎవరిది? జర్మన్లది. వాళ్లు దీన్ని మార్మోర్‌కూకెన్ అంటారు. మార్మోర్ అంటే పాలరాయి, కూకెన్ అంటే కేక్. పాలరాయిలో చారలు ఉంటాయి కదా, కోసిన ముక్కలో అలాంటి చారలే కనిపిస్తాయని ఆ పేరు. 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి అమెరికాకి వలస వెళ్లిన కుటుంబాలు దీన్ని వెంట తీసుకెళ్లాయి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అప్పట్లో ఇందులో చాక్లెట్ లేదు! నల్ల రంగు కోసం మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే చిక్కటి చెరకు మడ్డి, దాంతోపాటు దాల్చినచెక్క, లవంగం లాంటి మసాలాలు కలిపేవాళ్లు. అంటే రుచిలో మన బెల్లప్పాకానికి దగ్గర చుట్టమే. చాక్లెట్ ఆ స్థానంలోకి వచ్చింది ఆ శతాబ్దం చివర్లో.

ఎందుకంత లేటు? ఎందుకంటే అప్పటిదాకా చాక్లెట్ అంటే తాగేది. కోకో గింజలో సగం కొవ్వే. దాన్ని నూరి నీళ్లలో కలిపితే పైన నూనె తేలుతుంది. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హౌటెన్ అనే కుటుంబం ఆ కొవ్వుని పిండేసే ప్రెస్‌కి పేటెంట్ తీసుకుంది. కొవ్వు చాలావరకు పోయాక మిగిలిన గట్టి చెక్కని పొడి చేస్తే అదే కోకో పౌడర్. దానికి క్షారం కలిపితే రంగు ముదురుతుంది, చేదు తగ్గుతుంది. ఇప్పటికీ కొన్ని ప్యాకెట్ల మీద "డచ్ ప్రాసెస్" అని రాసి ఉంటుంది చూడండి, ఆ డచ్ ఇదే. ఈ డచ్చివాళ్లు మనకేం కొత్తవాళ్లు కాదు. 1605లోనే వాళ్ల కంపెనీ మచిలీపట్నం వచ్చింది, తర్వాత పాలకొల్లులోనూ స్థావరం పెట్టింది. వాళ్లొచ్చింది మన బట్టల కోసం. కోకో చెట్టు మన దగ్గరికి రావడానికి ఇంకా చాలా టైమ్ పట్టింది.

ఇంకో ముక్క బేకింగ్ పౌడర్ గురించి. అది లేని రోజుల్లో కేక్ పొంగాలంటే ఈస్ట్ వేయాలి, లేదా చేతులు పడిపోయేదాకా గుడ్లు గిలక్కొట్టాలి. 1843లో ఇంగ్లాండ్ బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన ఒక బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. కారణం? ఆయన భార్యకి ఈస్ట్ పడదు. ఆమె కోసం చేసిన పొడి ప్రపంచంలో ఇంటింటి కేక్‌ని ఈజీ చేసేసింది.

సరే, ఇక చేద్దాం. మైదా కప్పున్నర, బేకింగ్ పౌడర్ చెంచాన్నర, చిటికెడు ఉప్పు కలిపి జల్లించండి. వేరే గిన్నెలో గుడ్లు మూడు, పంచదార పొడి ఒక కప్పు వేసి నురగ వచ్చేదాకా గిలక్కొట్టండి. అరకప్పు నూనె, అరకప్పు పాలు, కొంచెం వెనిల్లా వేయండి. ఇప్పుడు మైదా వేసి నెమ్మదిగా కలపండి. ఎక్కువసేపు కలిపితే కేక్ సాగుతుంది, గట్టిపడుతుంది. ఈ పిండిలో మూడో వంతు పక్కకి తీసి, రెండు పెద్ద చెంచాల కోకో పౌడర్, ఇంకో రెండు పెద్ద చెంచాల పాలు కలపండి. పాలు ఎందుకంటే కోకో తడిని లాగేస్తుంది. పాలు వేయకపోతే నల్ల పిండి గట్టిగా, తెల్ల పిండి జారుగా ఉండి రెండూ కలవవు.

నూనె రాసిన గిన్నెలో ఒక గరిటె తెలుపు, దాని మీద ఒక గరిటె నలుపు, అలా అయిపోయేదాకా వేయండి. చివర్లో చాకు గుచ్చి రెండంటే రెండు చుట్లు తిప్పండి, చాలు. మా పిన్ని చూస్తూ, "ఏరా, అంతేనా? ఇంకాస్త తిప్పు" అంది. "వద్దు పిన్నీ, ఇంకా తిప్పితే చారలు పోయి మొత్తం మట్టిరంగు వస్తుంది" అన్నా. కుక్కర్ సంగతి మాత్రం జాగ్రత్త. మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. నీళ్లు పోయకూడదు. అడుగున గళ్ళుప్పు గానీ ఇసుక గానీ ఒక అంగుళం మందాన పరిచి, మీద స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడి చేయాలి. తర్వాత గిన్నె పెట్టి సన్న మంట మీద 40 నుంచి 45 నిమిషాలు. పుల్ల గుచ్చి చూడండి, పిండి అంటకపోతే అయిపోయినట్టే. పూర్తిగా చల్లారాకే కోయండి.

ఇప్పుడు తెలుపు కథ. రోజూ పేపర్లో కోడిగుడ్డు రేటు వేస్తారు కదా, ఆ లిస్టులో మన వెస్ట్ గోదావరి పేరు కూడా ఉంటుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు మీరు చూసే ఉంటారు. అయితే 1980ల మొదట్లో గుడ్డు రేటు చెప్పేది వ్యాపారులు. రైతుకి మేత ఖర్చు కూడా రాని రోజులుండేవి. గుడ్డుని ఎక్కువ రోజులు దాచలేం, కాబట్టి చెప్పిన రేటుకి ఇచ్చేయాల్సిందే. అప్పుడు డాక్టర్ బి.వి. రావు ముందుండి, ఊరూరా రైతులతో మీటింగులు పెట్టి, 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీని నిలబెట్టారు. మనం షార్ట్‌గా నెక్ అంటాం. "నా గుడ్డు, నా ధర, నా జీవితం" అన్నదే దాని నినాదం. అప్పటి నుంచి ఏ ప్రాంతంలో ఏ రేటు ఉండాలో రైతుల వైపు నుంచే ప్రకటన వస్తోంది. అది సూచించే ధరే, చట్టం కాదు. నష్టాలు మొత్తం పోయాయనీ కాదు. కానీ బేరం మొదలయ్యే అంకె రైతు నోటి నుంచి వస్తోంది. అసలు మార్పు అదే.

ఇక నలుపు కథ. కొల్లేటికోట చుట్టూ చూస్తే నీళ్లు, చేపల చెరువులు. కోకో చెట్టు కనపడదు. కానీ కొల్లేరులో కలిసే తమ్మిలేరు వెంట పైకి, ఏలూరు దాటి మెట్ట వైపు వెళ్లండి. పెదవేగి, ద్వారకా తిరుమల, కామవరపుకోట మండలాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో కాండానికే కాయలు అతుక్కుని ఉండే చెట్లు కనిపిస్తాయి. అదే కోకో. దేశంలో కోకో ఎక్కువ పండించే రాష్ట్రం మనదే, రాష్ట్రంలో ముందున్నది ఏలూరు జిల్లా.

ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా అడవులు. మన దేశంలో 1798లో తమిళనాడు కుర్తాళంలో ఈస్టిండియా కంపెనీ దీన్ని నాటించిందని చెప్తారు, కానీ పెద్దగా పాకలేదు. అసలు సాగు 1965 ప్రాంతంలో కేరళలో, క్యాడ్‌బరీ కంపెనీ ప్రోత్సాహంతో మొదలైంది. గోదావరి జిల్లాలకి 1990ల్లో కొబ్బరిలో అంతరపంటగా వచ్చింది. రైతుకి ఇది ఎందుకు నచ్చిందో సింపుల్. కోకోకి నీడ కావాలి, కొబ్బరితోటలో నీడ ఊరికే ఉంది. అదే ఎకరంలో రెండో ఆదాయం.

ఒక కాయలో సుమారు 30 నుంచి 40 గింజలుంటాయి, చుట్టూ తియ్యటి తెల్ల గుజ్జు. గింజల్ని గుజ్జుతో సహా బుట్టల్లోనో పెట్టెల్లోనో వేసి, అరిటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. చాక్లెట్ వాసనకి బీజం పడేది ఇక్కడే. తర్వాత ఎండబెడతారు. ఎండిన గింజ దాదాపు ఒక గ్రాము. ఇప్పుడు నా ఇంజినీర్ బుర్రతో ఒక ఉజ్జాయింపు లెక్క. మన కేక్‌లో పడిన కోకో పౌడర్ సుమారు 15 గ్రాములు. కొవ్వు తీసేయగా అంత పొడి రావాలంటే 35 నుంచి 40 గ్రాముల గింజలు కావాలి. అంటే ఒక కేక్‌కి ఒక కాయ! కిలో గింజలు 500 రూపాయలుంటే ఆ కాయకి రైతుకొచ్చేది 20 రూపాయల లోపు.

మరి కిలో ఎంతో ఎవరు చెప్తారు? ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా అనే రెండు ఆఫ్రికా దేశాలవే. మన వాటా ఒక శాతం కూడా లేదు. 2023, 2024లో అక్కడ వాతావరణం దెబ్బ, చెట్ల తెగుళ్లు కలిసి పంట పడిపోయింది. అంతకుముందు టన్ను 2,500 డాలర్ల చుట్టుపక్కల ఉండే ధర 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో 12,000 డాలర్లు దాటింది. 2024లో మన మెట్టలో కిలో గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. ఒక్క ఏడాది తిరిగేసరికి 2025లో సీన్ రివర్స్. రేటు సగానికి పైగా పడింది, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, ఏలూరులో కోకో రైతులు ధర్నాలు చేశారు. చివరికి ప్రభుత్వం కల్పించుకుని కిలో 500 అని తేల్చింది. అందులో 450 కంపెనీలు, 50 ప్రభుత్వం ఇచ్చేలా. రైతు చేసిన పని రెండేళ్లూ ఒకటే. అవే చెట్లు, అదే పులియబెట్టడం, అదే ఎండబెట్టడం. మారింది ఎక్కడో కంప్యూటర్ స్క్రీన్ మీద అంకె.

రేటు పెరిగినప్పుడు ఏమవుతుందో కొల్లేరు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. చేపల మీద డబ్బు కనపడగానే సరస్సులో చెరువు మీద చెరువు తవ్వుకుంటూ పోయారు. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ చెరువు గట్లని పగలగొట్టారు. ధర వెంట పరిగెత్తడం తేలిక, దిగొచ్చేటప్పుడే ఖరీదు తెలుస్తుంది.

కోకోలో ఇలాంటి దెబ్బ కేరళ, కర్ణాటక రైతులు 1980ల మొదట్లోనే తిన్నారు. ధర కుప్పకూలింది, చాలామంది చెట్లు నరికేశారు. అప్పుడు మంగళూరు కేంద్రంగా 1973లో వక్క రైతులు పెట్టుకున్న క్యాంప్‌కో అనే సహకార సంఘం రంగంలోకి దిగి కోకో కొనడం మొదలెట్టింది. అక్కడితో ఆగలేదు, 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ తెరిచింది. గింజ అమ్ముకునే రైతులే చాక్లెట్ అమ్మే స్థితికి వచ్చారు.

మన దగ్గర? మొదలైంది. ఏలూరు జిల్లా తడికలపూడిలో గింజల్ని శాస్త్రీయంగా పులియబెట్టే కేంద్రం నడుస్తోంది. ఆ గింజలతో హైదరాబాద్‌లో 2023లో తెరిచిన మనం చాక్లెట్ షాప్‌ని టైమ్ మ్యాగజైన్ 2024లో ప్రపంచంలో చూడదగ్గ చోట్ల లిస్టులో పెట్టింది. గోదావరి గింజలో దమ్ముందని దాంతో తేలిపోయింది. కాకపోతే అది ఒక ప్రైవేట్ కంపెనీ. జిల్లాలో ఉన్న వేలమంది రైతులందరి పంటా అదొక్కటే కొనలేదు. గుడ్డుకి నెక్ ఉన్నట్టు, పుత్తూరుకి క్యాంప్‌కో ఉన్నట్టు, రైతుల చేతిలో ఉండే సంస్థ మన కోకోకి ఇంకా అంత బలంగా లేదు. గుడ్డుతో పోలిస్తే ఒక కష్టం కూడా ఉంది. గుడ్డు కొనేది మనమందరం, ప్రతి వీధిలో. కోకో గింజ కొనేది కొద్ది కంపెనీలే. కాబట్టి రైతులు రేటు ప్రకటిస్తే సరిపోదు. గింజని పొడిగా, చాక్లెట్‌గా మార్చే మిల్లు కూడా తమదై ఉండాలి. అప్పుడు కొనేది మళ్లీ మనమే అవుతాం.

మన వైపు నుంచి చేయగలిగింది చిన్నదే. ఈసారి కోకో పౌడర్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి, గింజ ఎక్కడిదో రాశారా లేదా చూడండి. ఏలూరు, గోదావరి అని ఉంటే ఫోటో తీసి కామెంట్స్‌లో పెట్టండి, లిస్ట్ చేద్దాం. ఇంట్లో కోకో లేదా? అప్పుడు పాత జర్మన్ పద్ధతే. పక్కకి తీసిన పిండిలో మూడు చెంచాల చిక్కటి బెల్లప్పాకం, కొంచెం దాల్చినచెక్క, లవంగం పొడి, చిటికెడు వంట సోడా వేయండి. నలుపు రాదు గానీ మంచి గోధుమ రంగు చారలొస్తాయి. మీ ఊళ్లో కోకో తోట ఉంటే ఈ సీజన్‌లో కిలో ఎంతకి ఇచ్చారో కూడా రాయండి.