ఖిదిర్‌పూరు నౌకలు, పోర్‌బందరు దుర్ఘటన

కోల్‌కతా నగరమున హుగ్లీ నదిని ఆనుకొనియున్న ఖిదిర్‌పూరు తెలుగువారికి చిరపరిచితమైన ప్రదేశము. 1892లో ఇచ్చటి నౌకాశ్రయము తెరువబడినది. దాని ప్రక్కనున్న గార్డెన్ రీచి బెంగాల్ నాగపూరు రైల్వేకు ప్రధానస్థానమయ్యెను. రేవు పనులకును, రైల్వే కొలువులకును ఉత్తరాంధ్రమునుండి వచ్చిన కుటుంబములు అనేకము ఈ ప్రాంతమున స్థిరపడినవి.

ఆ గార్డెన్ రీచిలోనే నౌకానిర్మాణశాల యొకటి కలదు. 1960లో కేంద్రప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొనెను. మరుసటి సంవత్సరమున 'అజయ్' అను యుద్ధనౌక అచ్చట సిద్ధమయ్యెను. ఇటీవల కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి అను నాలుగు నౌకలు అచ్చటనే నిర్మింపబడి, 2014-2020 సంవత్సరముల నడుమ విశాఖపట్టణమున నౌకాదళ సేవలో ప్రవేశించినవి. జలాంతర్గాములను వెదకి ఎదుర్కొనుట వీని పని. అందులకై ప్రతి నౌక వెనుకభాగమున హెలికాప్టరు దిగుటకు వేదిక యమర్చబడినది.

ఓడపై హెలికాప్టరును దింపుట సులభకార్యము కాదు. 1943 మే నెలలో అమెరికాలో తొలిసారిగా ఒక తైలనౌకపై దానిని దింపి చూచిరి. నేల కదలదు, ఓడ ముందునకు సాగుచు, అలలకు ఇటునటు ఒరగుచుండును. దిగుటకు చోటు స్వల్పము. కావున నిరంతరాభ్యాసము అవసరము. అరక్కోణమునందలి రాజాలి స్థావరమున నౌకాదళమువారి హెలికాప్టరు పాఠశాల కలదు. పాఠశాల విడిచిన పిదపను అభ్యాసము ముగియదు. శిక్షణాయానమనగా విద్యార్థి ప్రయాణమే యని భావింపరాదు. అనుభవజ్ఞులును ఆ యానములను మానరు.

అట్టి శిక్షణాయానమునందే 2025 జనవరి 5వ తేదీన ఘోర దుర్ఘటన సంభవించెను. గుజరాతునందలి పోర్‌బందరు విమానాశ్రయమున తీరరక్షకదళమునకు చెందిన ధ్రువ్ హెలికాప్టరు కూలి దగ్ధమయ్యెను. ఇరువురు చోదకులును, సహాయార్థము నీట దుముకు సిబ్బందిలో నొకరును ప్రాణములు గోల్పోయిరి.

శిక్షణలో ప్రమాదము జరిగినంతనే చోదకుని నేర్పును శంకించుట లోకస్వభావము. కాని ప్రాథమిక పరిశోధన వేరొక కారణమును చూపెను. స్వాష్‌ప్లేటు అను భాగము విరిగినట్లు కనుగొనిరి. ఇది తిరుగు రెక్కల మొదట నుండు జంట పళ్ళెముల అమరిక. ఒక పళ్ళెము తిరుగదు. రెండవది రెక్కలతో కూడ తిరుగును. చోదకుని చేతి కదలిక మొదటిదాని ద్వారా రెండవదానికి చేరి, రెక్కల వాలును మార్చును. హెలికాప్టరు పైకి లేచుటయు, దిగుటయు, ప్రక్కకు తిరుగుటయు దీనివలననే జరుగును.

ఇంజను ఆగినచో చోదకునకు ఒక ఉపాయము కలదు. దిగునప్పుడు క్రిందనుండి ఎదురువచ్చు గాలి రెక్కలను త్రిప్పుచుండును. ఆ బలముతో నేర్పరి యంత్రమును నేలకు దింపగలడు. ఈ విద్యను శిక్షణలో తప్పక నేర్పుదురు. కాని స్వాష్‌ప్లేటు విరిగినచో చేతి కదలిక రెక్కలకు చేరదు. అప్పుడు ఎంతటి నేర్పరియు నిస్సహాయుడే.

దుర్ఘటనానంతరము త్రివిధ దళములకును, తీరరక్షకదళమునకును చెందిన సుమారు 330 ధ్రువ్ హెలికాప్టర్ల యానము నిలిపివేయబడెను. విశాఖయందలి డేగా స్థావరమున 2022 జులైలో ఈ తరగతి హెలికాప్టర్లతో 324వ దళము ఏర్పడియుండెను. ఆ నిషేధము దానికిని వర్తించెను. ఆ సంవత్సరపు గణతంత్రదినోత్సవమున ధ్రువ్ హెలికాప్టర్లు ఎగురలేదు. సుమారు నాలుగు నెలల పిమ్మట పదాతి, వైమానిక దళముల హెలికాప్టర్లకు అనుమతి లభించెను. సముద్రముపై సంచరించు వాని పరీక్షలు అటుపిమ్మటను కొనసాగినవి.

ఇన్ని యంత్రములను ఇన్ని మాసములు నిలుపుట దేశరక్షణకు సామాన్యమైన లోటు కాదు. వరదలలోను, తుపానులలోను ప్రజలను కాపాడునవియు ఇవియే. అయినను కారణము తేలకముందు మరియొక కుటుంబమును దుఃఖమున ముంచుటకంటె ఆ లోటును భరించుటయే ధర్మము. మరణించినవారిపై నిందమోపి కాగితములు మూసివేయుట సులభము. విరిగిన లోహమును పరీక్షించి సత్యమును గ్రహించుట కష్టము. ఆ కష్టమునకు పూనుకొనినప్పుడే మృతులకు న్యాయమును, బ్రతికియున్నవారికి రక్షణయు లభించును. గార్డెన్ రీచిలో బిగింపబడు ప్రతి మరకు వెనుకను ఈ బాధ్యతయే యున్నది.