అంటువ్యాధుల లెక్కల్లో పీహెచ్‌డీ: మన ఇళ్ళవారు తెలుసుకోవలసినవి

ముంబైలో మా సంఘ సభ్యుల్లో ఒకరింటి అమ్మాయి ఎమ్మెస్సీ గణితం పూర్తి చేసింది. అంటువ్యాధులు ఎలా వ్యాపిస్తాయో గణిత నమూనాలతో పరిశోధించే పీహెచ్‌డీలో ఆమెకు చోటు దొరికింది. "డాక్టరవుతుందిగా, మందులు రాస్తుందా?" అని వాళ్ళ అమ్మమ్మగారు అడిగారట. రాయదు. మరి అయిదేళ్ళు ఏం చేస్తుంది, ఆ తర్వాత పెళ్ళి మాటేమిటి అని వాళ్ళ నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాము.

పని మూలం సులువుగానే చెప్పవచ్చు. ఊరి జనాన్ని మూడు ఖాతాలుగా విడదీస్తారు: జబ్బు ఇంకా సోకనివారు, సోకినవారు, కోలుకున్నవారో పోయినవారో. రోజుకు ఎంతమంది ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతున్నారో అవకలన సమీకరణాలుగా రాస్తారు. ఈ పద్ధతికి పునాది 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు స్కాట్లాండులో రాసిన వ్యాసం. మెక్‌కెండ్రిక్ మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన వైద్యుడు. కెర్మాక్‌కు 1924లో ప్రయోగశాల ప్రమాదంలో రెండు కళ్ళూ పోయాయి. చూపు లేకుండానే ఈ లెక్కలు చేశాడు.

వాళ్ళు తమ సమీకరణాన్ని సరిచూసుకున్నది మన బొంబాయి అంకెలతోనే. 1905 డిసెంబరు నుంచి 1906 జులై దాకా ఇక్కడ ప్లేగుతో వారం వారం ఎంతమంది చనిపోయారన్న పట్టిక అది. కామాఠీపురలోనూ మిల్లు చాళ్ళలోనూ అప్పటికే మనవాళ్ళు కాపురముంటున్నారు. ఆ పట్టికలో మన పెద్దలూ ఉండి ఉంటారు, కాకపోతే పేర్లుండవు. మాలో కొందరం గుమాస్తాగిరీలో రిటైరైనవాళ్ళం కాబట్టి మాకు ముందు తట్టింది ఇంకొకటి. ఎవరో గుమాస్తాలు ప్రతి చావునూ రిజిస్టరులో రాయబట్టే ఇరవై ఏళ్ళ తర్వాత స్కాట్లాండులో ఆ గీత గీయగలిగారు. ప్లేగు మాత్రం ఎలుకల మీది గోమార్ల వల్ల వచ్చేది, మనిషి నుంచి మనిషికి అంటేలా రాసిన సమీకరణం దానికి సరైనది కాదని తర్వాతివారు తప్పుపట్టారు. గీత అంకెలకు చక్కగా అతికినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. ఈ పరిశోధనలో చేరేవారు మొదట నేర్చుకోవలసింది ఇదేనని ఒక ప్రొఫెసరుగారు మాతో అన్నారు.

అంతకుముందే దారి వేసినవాడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినవాడు ఆయనే. తర్వాత మారిషస్‌లో మలేరియా నివారణ గురించి రాసిన నివేదికలో లెక్కలు కట్టాడు. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక మట్టం కిందికి తగ్గిస్తే జబ్బు దానంతటదే తగ్గిపోతుంది అన్నది ఆ లెక్క సారం. మలేరియా అంటే ఏమిటో కోరాపుట్, రాయగడ వైపు మనవాళ్ళకు మేము చెప్పాలా!

అందరూ విన్న 'ఆర్' అంకె కూడా ఈ లెక్కల్లోదే. అందరికీ సోకే అవకాశమున్న ఊళ్ళో ఒక రోగి సగటున ముగ్గురికి అంటిస్తాడనుకోండి. ఆ ముగ్గురిలో ఇద్దరికి ముందే రక్షణ ఉంటే ఒక్కరికే అంటుతుంది, జబ్బు పెరగదు. అంటే నూటికి 67 మందికి రక్షణ ఉంటే చాలు. తట్టు ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. 15 వేసుకుంటే నూటికి 93 మందికి పైగా టీకా పడాలి. పిల్లల టీకా కార్డు విషయంలో ఆశా కార్యకర్త అంత పట్టుబట్టేది ఇందుకే.

కోవిడ్ నాడు బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబై టీఐఎఫ్ఆర్ కలిసి ఈ రెండు నగరాలనూ కంప్యూటరులో కట్టి, లోకల్ రైళ్ళు తెరిస్తే ఏమవుతుందో చూశాయి. 2021లో రెండో అల ఎంత ఎత్తుకు లేస్తుందో ముందే పట్టుకోలేకపోయామని, ఐఐటీ హైదరాబాదు ప్రొఫెసరు విద్యాసాగర్ గారున్న సూత్ర నమూనా బృందం బాహాటంగానే ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడం మాకు నచ్చింది. అసలు ఇంట్లో పోయినవాళ్ళ పేరు రిజిస్టరుకే ఎక్కకపోతే ఏ సమీకరణమూ వాళ్ళను లెక్కించలేదు. మరణ ధ్రువపత్రం ఆస్తి పంపకాలకేనని అనుకునే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి.

ఇక ఖర్చు సంగతి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ వారి స్కాలర్‌షిప్ ఇంకో దారి. మొదటి ఏడాది పాఠాలు, పరీక్షలు. తర్వాత నమూనా కట్టడం, అంకెలతో సరిచూడడం, ప్రోగ్రాములు రాయడం. చివర సిద్ధాంత గ్రంథం, మౌఖిక పరీక్ష. ఆ తర్వాత కాలేజీల్లో బోధన గానీ, చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ వంటి చోట్ల పని గానీ వెతుక్కోవచ్చు. కంపెనీ జీతాలతో పోల్చుకుంటే నిరాశే.

పెళ్ళి గురించి మేము వాళ్ళ నాన్నగారికి ఒక్కటే చెప్పాము, అది అమ్మాయినే అడగండి అని. స్టైపెండు కొన్నిచోట్ల నెలల తరబడి ఆలస్యమవుతుంది కనుక ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని పంపమని కూడా చెప్పాము.