వారాల భోజనం నుంచి ఉపకార వేతనం దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా చూసిన కాగితం ఒకటుంది: పేద విద్యార్థి చదువు కోసం పెట్టుకునే దరఖాస్తు. దాని చరిత్ర క్లుప్తంగా మనవి చేస్తాను.

మన తాతల కాలంలో దరఖాస్తు లేదు, దాత ఉండేవాడు. పట్నంలో చదివే పేద కుర్రవాడు వారాలు చేసుకునేవాడు: ఏడు రోజులు, ఏడు ఇళ్ళలో భోజనం. పరీక్ష ఫీజు 3 రూపాయల కోసం తన తల్లి పట్టుచీర తాకట్టు పెట్టిన సంగతి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ‘నా జీవితయాత్ర’లో రాసుకున్నారు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలిసింది. దాతలు గొప్పవారే. కాని వారాలు అన్ని కులాల పిల్లలకూ దొరికేవి కావు. ఇచ్చేవారి దయ ఎంతవరకో చదువూ అంతవరకే.

ఈ పద్ధతి మారడానికి డాక్టర్ అంబేద్కర్ కృషి ముఖ్య కారణం. వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఆయన షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ప్రభుత్వ ధనం కోరారు. 1944లో పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు మొదలయ్యాయి. 1948లో గిరిజన విద్యార్థులకూ వర్తించాయి. దయ స్థానంలో నిబంధన వచ్చింది. 1963లో జాతీయ రుణ ఉపకార వేతనాలు వచ్చాయి. ఆ అప్పు తీసుకున్నవారు ఉపాధ్యాయులైతే, పనిచేసిన ఒక్కో ఏడాదికి అప్పులో పదోవంతు మాఫీ అయ్యేది.

నిబంధనతోపాటు ధ్రువపత్రమూ వచ్చింది. నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన రోజుల్లో ఆదాయ ధ్రువపత్రానికి కరణంగారి రిపోర్టు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణ, తహశీల్దారు సంతకం కావాలి. కూలి మానుకుని, బస్సెక్కి వచ్చిన తండ్రి, దొరగారు క్యాంపులో ఉన్నారంటే మళ్ళీ రావలసిందే. ఈలోగా గడువు దాటితే ఆ ఏడాది సహాయం పోయినట్లే. 1985లో మండలాలు ఏర్పడి దూరం తగ్గింది. 2011లో మీసేవ వచ్చి తిరుగుడు తగ్గింది.

2001లో బ్యాంకుల విద్యారుణ పథకం 4 లక్షల రూపాయల వరకు తనఖా లేకుండా అప్పు ఇచ్చే వీలు కల్పించింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించాక, ఇంటిలో తొలిసారి ఇంజనీరింగు చదివినవారు వేలల్లో ఉన్నారు. ఆ తరువాత బకాయిలు పేరుకుని, కళాశాలలు సర్టిఫికెట్లు ఆపిన సందర్భాలూ రెండు రాష్ట్రాలలో చూశాం. హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి అందినట్లు కాదు.

ఇప్పుడు దరఖాస్తు కంప్యూటరులోకి వెళ్ళింది. కాని పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాకపోయినా డబ్బు ఆగుతుంది. ఆనాటి కచేరీ గుమ్మం ఈనాడు తెర మీదికి వచ్చిందంతే.

సోదర పెన్షనర్లకు నా విన్నపం ఒక్కటే. ఫైళ్ళు నడిపిన అనుభవం మనది. మీ వీధిలో ఇంటర్ పాసైన పేద పిల్ల ఎవరైనా ఉంటే పిలిచి, టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, పాసుపుస్తకంలో పేరు ఒకటేనా చూడండి. గడువు తేదీ క్యాలెండరు మీద గుర్తు పెట్టించండి. ఇందుకు పట్టేది అరగంట. నిలిచేది ఒక చదువు.