ఆరున్నర, ఆరు: ఒక మంచం చీటీకి వ్యాఖ్యానం

మా ఇంట్లో మంచం చేయించినప్పుడు వడ్రంగి మేస్త్రి ఒక చీటీ రాసిచ్చాడు. ‘డబుల్ కాట్, 6½ × 6, టేకు పట్టెలు, 12 ఎం.ఎం. ప్లై, ఎత్తు 14.’ వారం తర్వాత పరుపుల కొట్టులో ఇచ్చిన బిల్లు మీద ఇంకో వరస: ‘కింగ్, 78 × 72 × 6, ఆర్థో హార్డ్, డెన్సిటీ 40.’ ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదనిపించింది. తీరా పరుపు ఇంటికొచ్చాక మంచంలో పట్టలేదు. నాలుగు వైపులా పట్టెలకు ఒరుసుకుని, నడుమ గుమ్మటంలా లేచి కూర్చుంది. అమ్మా, మా చిన్నమ్మాయీ ఆ గుమ్మటం మీద వారం రోజులు పడుకున్నారు. పిల్ల రాత్రికి రెండుసార్లు గోడవైపు దొర్లిపోయేది.

ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. కొత్తగా మంచం చేయించుకోబోయేవాళ్లు ఒక్కో మాట దగ్గరా ఆగి చదువుకోవడానికి వీలుగా ఈ వ్యాఖ్య రాస్తున్నాను.

‘డబుల్ కాట్’

ఇది కొలత కాదు, పిలుపు మాత్రమే. నాలుగడుగుల వెడల్పు మంచాన్నీ డబుల్ అంటారు, ఐదడుగులదాన్నీ అంటారు, ఆరడుగులదాన్నీ అంటారు. మన దేశంలో పరుపుల కంపెనీల లెక్క ప్రకారం సింగిల్ వెడల్పు 36 అంగుళాలు, డబుల్ 48, క్వీన్ 60, కింగ్ 72. పొడవు మామూలుగా 72, 75, 78లలో ఒకటి. అదే అమెరికాలో డబుల్ అంటే 54 × 75. కాబట్టి మేస్త్రి దగ్గర పేరు చెప్పి ఊరుకోకూడదు, అంగుళాలు చెప్పాలి.

ఈ మాటలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. ఇద్దరు పడుకుంటారు సరే, ఒక్కొక్కరికి ఎంత చోటు? ఐదడుగుల మంచం మీద మనిషికి 30 అంగుళాలే వస్తాయి. ఒంటరిగా సింగిల్ మంచం మీద పడుకునేవాడికి 36 వస్తుంటే, జంటకు అంతకన్నా తక్కువన్నమాట. ఇద్దరూ కదలకుండా పడుకునేవాళ్లయితే సరిపోతుంది. మన ఇళ్లలో పసిపిల్లలు ఐదారేళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల మధ్యే పడుకుంటారు. అప్పుడు ఐదడుగుల్లో ముగ్గురికీ తలా 20 అంగుళాలు, ఆరడుగుల్లో తలా 24. చిన్నపిల్లలున్న ఇంటికి ఆరడుగుల మంచం దుబారా అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. గదిలో పడితే ఆరే చేయించుకోండి.

‘6½ × 6’

మా పొరపాటు జరిగింది ఇక్కడే. ఆరున్నర ఆరు అని చెప్పాను గానీ లోపలా, బయటా అన్నది చెప్పలేదు. మేస్త్రి బయటి కొలతకు చేశాడు, ఆయన అలవాటు అదే. పట్టె మందం ఒక్కోవైపు ఒకటిన్నర అంగుళం. 78లోంచి మూడు పోతే 75, 72లోంచి మూడు పోతే 69. పొడవు 75కి పరుపు దొరుకుతుంది గానీ 69 అంగుళాల వెడల్పు ఏ కొట్టులోనూ తయారుగా ఉండదు. ఫోమ్ పరుపయితే కొందరు అడిగిన కొలతకు కోసి ఇస్తారు. స్ప్రింగు పరుపును మాత్రం కోయడానికి లేదు.

మా తాతల కాలంలో ఈ చిక్కే లేదు. అప్పట్లో పరుపు కొనేవాళ్లు కాదు, కుట్టించేవాళ్లు. దూదేకుల సాయిబు వీధిలోకి వస్తే ఆయన విల్లు మోతకే ఇంట్లో వాళ్లకు తెలిసిపోయేది. దూది ఏకి, మంచాన్ని జానలతోనో తాడుతోనో కొలిచి, సంచి కుట్టి కూరేవాళ్లు. మంచం ఎంతుంటే పరుపు అంత. ఇప్పుడు పరుపు ఫ్యాక్టరీలోంచి ముందే ఖాయమైన కొలతలతో వస్తోంది, అందుకని మంచమే పరుపుకు లోబడాలి. వరస తిరగబడిందని మనం గమనించలేదు. ఇంకా మంచమే ముందు చేయించి, తర్వాత పరుపు వెతుక్కుంటున్నాం. పరుపు కొలత ముందు తేల్చుకోండి. ఆ తర్వాత ‘లోపల 78½, 72½’ అని మేస్త్రికి కాగితం మీద రాసివ్వండి. ఆ అరంగుళం దుప్పటి అంచు దోపుకోవడానికి.

పొడవు తేల్చడానికి సులువైన లెక్క ఉంది. ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషి ఎత్తుకు ఆరంగుళాలు కలపాలి. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి 74 కావాలి, 75 చాలు. ఐదడుగుల పదకొండంగుళాల వాడికి 77, అంటే 78 తప్పదు. 72 పొడవు మంచం ఇంకా అమ్ముతున్నారు, పిల్లల గదికయితే పర్వాలేదు.

విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు మరో మాట. అమెరికా క్వీన్ 60 × 80, కింగ్ 76 × 80. అక్కడి పరుపు మన 78 మంచంలో పట్టదు. పెట్టె నిండా తెచ్చుకున్న క్వీన్ దుప్పట్లు 75 పరుపు మీద ఐదంగుళాలు వదులవుతాయి. యూరప్ లెక్క సెంటీమీటర్లలో ఉంటుంది. 180 × 200 అంటే దాదాపు 70.9 × 78.7 అంగుళాలు. మన కింగ్ మంచంలో అది వెడల్పున అంగుళం చాలదు, పొడవున ముప్పావు అంగుళం పట్టదు.

చీటీలో లేని కొలత ఒకటుంది, గదిది. పదడుగుల వెడల్పు గదిలో ఆరడుగుల మంచం వేస్తే అటూ ఇటూ రెండేసి అడుగులు మిగులుతాయి. మనిషి నడవడానికి చాలు, కానీ గోడకు బీరువా ఉంటే దాని తలుపు తెరుచుకోదు. పైగా మన ఇళ్లలో తల ఎటు పెట్టాలన్న పట్టింపు ఉంది. ఉత్తరానికి పెట్టరు, తూర్పుకో దక్షిణానికో పెడతారు. అంటే గదిలో ఏ గోడ వెంట పొడవు కొలవాలో ముందే తేలిపోతుంది. పాత న్యూస్‌పేపర్లు అతికించి నేల మీద మంచం కొలతకు పరిచి, ఒకరోజు దాని చుట్టూ తిరిగి చూడండి. నేను ఆ పని చేయలేదు, చేసుంటే బీరువాను తర్వాత హాల్లోకి మార్చే బాధ తప్పేది.

‘టేకు పట్టెలు’

టేకు మంచిదే, దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అడగాల్సింది నడిమి పట్టె గురించి. ఐదడుగులకు మించిన మంచానికి మధ్యలో నిలువునా ఒక పట్టె, దాని కింద నేలకు ఆనే కోడు కనీసం ఒకటి ఉండాలి. లేకపోతే రెండేళ్లలో నడుమ కుంగుతుంది, మనం పరుపును తిట్టుకుంటాం.

‘12 ఎం.ఎం. ప్లై’

పరుపు సగం, దాని కింద ఉన్నది సగం. ఈ చిన్న మాటే ఆ రెండో సగం.

నులక మంచంలో తాడే ఆధారం, తాడే మెత్తదనం. కింది నుంచి గాలి ఆడుతుంది, పైన బొంత ఒకటి చాలు. వదులై కుక్కి మంచం అయితే కాళ్లవైపు తాడు లాగి బిగించుకునేవాళ్లు. నవారు కూడా అంతే. వాటి మీద ఈనాటి పరుపు వేస్తే మాత్రం రెండూ చెడతాయి. తాడు ఎక్కడ వంగితే ఫోమ్ అక్కడ వంగుతుంది, కొబ్బరి పీచు పరుపయితే నడుమ విరుగుతుంది. ఫ్యాక్టరీ పరుపుకు సమతలం కావాలి.

ప్లై సమతలం ఇస్తుంది, కానీ గాలిని ఆపేస్తుంది. నిద్రలో ఒంట్లోంచి వచ్చే చెమట, ఆవిరి పరుపులోంచి కిందికి దిగి ప్లై దగ్గర ఆగిపోతాయి. విశాఖలో మా చెల్లెలి ఇంట్లో వర్షాకాలం చివర పరుపు ఎత్తి చూశాం. అడుగున, సరిగ్గా మనిషి వీపు ఆనే చోట, నల్లటి బూజు చుక్కలు దోసె మీద కారం చల్లినట్టు పరుచుకుని ఉన్నాయి. ప్లై మీద చెయ్యి పెడితే తడి తెలిసింది. కోస్తా ఊళ్లలో ఇది మామూలే. ప్లై వేసేటట్టయితే అంగుళం బెజ్జాలు, అరడుగుకొకటి చొప్పున, వేయించండి. అడుగున అరలున్న బాక్సు మంచానికి మరీ అవసరం. నెలకోసారి పరుపు గోడకు నిలబెట్టి ఫ్యాను వేయండి.

ఇంకో దారి, చెక్క పట్టీలు. నా ఓటు వీటికే. పట్టీకీ పట్టీకీ మధ్య సందు మూడంగుళాలు మించకూడదు. మించితే ఫోమ్ ఆ సందుల్లోకి దిగుతుంది, స్ప్రింగులకు ఆనిక ఉండదు. ఇక ప్లై రకం గురించి: మీద ముద్రించిన ఐ.ఎస్. నంబరు చూడండి. 303 మామూలు వాడకానిది, 710 నీటిని తట్టుకునే మెరైన్ ప్లై. 12 ఎం.ఎం. కింద అడుగున్నరకొక అడ్డపట్టె ఉంటే సరే, లేకపోతే 18 అడగండి.

అమెరికాలో పరుపు కింద వాడే ‘బాక్స్ స్ప్రింగ్’ మన మంచాలకు అక్కర్లేదు. ఎత్తు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

‘ఆర్థో హార్డ్’

ఈ రెండు మాటల్ని నమ్మి కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆర్థో అన్నది వైద్యశాస్త్రం ఇచ్చిన పట్టా కాదు, పరుపు చేసినవాళ్లు పెట్టుకున్న పేరు. హార్డ్ అన్నదానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత లేదు.

నడుం నొప్పికి చెక్క మీద పడుకోవాలని మన పెద్దలు చెప్పేవారు, డాక్టర్లూ చెప్పేవారు. 2003లో లాన్సెట్ పత్రికలో ఒక స్పెయిన్ పరిశోధన వచ్చింది. దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిది ఇచ్చి 90 రోజులు చూశారు. నొప్పి ఎక్కువ తగ్గింది మధ్యస్థపు పరుపు మీద పడుకున్నవాళ్లకే. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ కొద్దిగా దిగాలి, నడుము వేలాడకూడదు. కొట్టులో చెప్పులు విప్పి, సిగ్గుపడకుండా పది నిమిషాలు పక్కకు తిరిగి పడుకోండి. నడుము కింద చెయ్యి దూర్చి చూడండి. చెయ్యి వదులుగా దూరిపోతే పరుపు మీకు గట్టి, అసలు దూరకపోతే మరీ మెత్తన. బరువైన మనిషికి గట్టిగా అనిపించనిది బక్కమనిషికి బండరాయిలా ఉంటుంది కాబట్టి ఎవరు పడుకుంటారో వాళ్లే వెళ్లాలి.

మెమరీ ఫోమ్ గురించి అందరూ అడుగుతారు. 1966లో నాసా కోసం విమానం సీట్లకని పుట్టింది. వేడికి మెత్తబడటం దాని గుణం, ఒంటి వేడిని పట్టి ఉంచడం దాని దోషం. రెంటచింతల ఎండల్లో, కరెంటు పోయిన రాత్రి, దాని మీద పడుకోవడం కష్టం. మన ఎండలకు పైన పల్చటి పొరగా ఉంటే చాలు.

‘డెన్సిటీ 40’

డెన్సిటీ గట్టిదనం కాదు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే లెక్క. పరుపు ఎన్నాళ్లు కుంగకుండా నిలుస్తుందన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది. దీన్ని ఇంట్లోనే తూచుకోవచ్చు. 78 × 72 × 6 పరుపు ఘనపరిమాణం దాదాపు 0.55 ఘనపు మీటర్లు. నిజంగా 40 అయితే 22 కిలోలు తూగాలి, 32 అయితే 18 కిలోలకు కాస్త తక్కువ. అంతా ఒకే ఫోమ్‌తో చేసిన పరుపుకే ఈ లెక్క సరిపోతుంది. మాది తూచాం, గుడ్డతో కలిపి 23 చూపించింది. బిల్లులో ఆ మాట నిజమే.

‘ఎత్తు 14’

చివరికి ఉంచాను గానీ అమ్మకు సంబంధించినంతవరకు ఇదే మొదటి మాట. 14 అంగుళాలు ప్లై దాకా. దాని మీద ఆరంగుళాల పరుపు, మొత్తం 20. పరుపు పట్టలేదని మేస్త్రిని మళ్లీ పిలిస్తే ఆయన తెలివైన పని చేశాడు. ప్లైని మూడంగుళాలు పైకెత్తి పట్టెల పైఅంచు మీదే బిగించాడు. తలాపు పలక ఆ కొలతకు బయట ఉండటంతో 78 × 72 పరుపు పట్టెల మీద అంచులకు సరిగ్గా కూర్చుంది. గుమ్మటం పోయింది. ఎత్తు మాత్రం 23కి చేరింది.

ఆ రాత్రి అమ్మ మంచం అంచున కూర్చుంది. అమ్మ నాలుగడుగుల పదంగుళాల మనిషి. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి, కుడి బొటనవేలితో నేలను వెతుక్కుంటోంది. రెండు చేతులతో దుప్పటి పట్టుకుని కొద్దికొద్దిగా ముందుకు జరిగి, దబ్బున దిగింది. ‘బానే ఉందిలేరా’ అంది. పెద్దవాళ్లు రాత్రివేళ బాత్‌రూమ్‌కు లేచేది ఆ అంచు మీద నుంచే. కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు లంబకోణంలో ఉండాలి. పరుపుతో కలిపి ఎంత ఎత్తు రావాలో, ఆ ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కొలవాలి.

మర్నాడు మేస్త్రి రంపం తెచ్చాడు. అమ్మను కుర్చీలో కూర్చోమని, మడమ నుంచి మోకాలి మడత దాకా టేపు పెట్టి కొలిచాడు. కోళ్లు ఐదంగుళాలు కోశాడు, నడిమి కోడు కూడా. పరుపు వేశాక మొత్తం 18. అమ్మ కూర్చుంటే పరుపు రెండంగుళాలు దిగింది, పాదాలు నేలకు ఆనాయి. కోసిన కోడు ముక్కల్ని చిన్నమ్మాయి బొమ్మరిల్లుకు స్తంభాలుగా పట్టుకెళ్లిపోయింది.