ఛాయా సోమేశ్వరుడు: నీడ నేర్పిన దర్శనం



గుడికి వెళ్ళి వచ్చినవారిని "పూజ అయిందా?" అని గాక "దర్శనం అయిందా?" అని అడగడం మన వాడుక. చూపునకు ఇంతటి గౌరవమిచ్చిన సంప్రదాయంలోనే, చూపునకు హద్దు ఉన్నదని రాతిలో నిరూపించిన శిల్పాచార్యులూ ఉన్నారు. అందుకు నిదర్శనం మనకు ఎంతో దూరాన లేదు. కల్వకుర్తి నుండి దేవరకొండ మీదుగా నల్లగొండకు వెళితే, ఆ పట్టణం చెంతనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం దర్శనమిస్తుంది.

పాలమూరు సీమలోని కందూరు పేరిట ప్రసిద్ధులైన కందూరు చోడులు కల్యాణి చాళుక్యులకు సామంతులై ఈ ప్రాంతాన్ని ఏలారు. నేడు నందివడ్డెమానుగా పిలువబడే వర్ధమానపురం, పానగల్లు వారి రాజధానులు. మన కల్వకుర్తి ఆ రెండింటికీ నడుమ ఉన్నది. పానగల్లులోని ఉదయసముద్రం చెరువు ఆ వంశీయుడైన ఉదయచోడుని పేర వెలసినది. 11, 12 శతాబ్దాల నాటి ఆ వైభవానికి గుర్తుగా నిలిచినదే ఈ ఆలయం.

ఇది త్రికూటాలయం. మూడు గర్భాలయాలు ఒకే మండపంలోకి తెరచుకొని ఉంటాయి. వాటిలో ఒక గర్భాలయంలో, శివలింగం ఉన్నచోట, స్తంభాకారపు నీడ పగలంతా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పున ఉన్నా, పడమటికి వాలినా అది చోటు మారదు. ఆ నీడ ఏ స్తంభానిదో చూద్దామని వెనుదిరిగితే, లింగానికి ఎదురుగా అడ్డు నిలిచిన స్తంభమే కనబడదు!

భౌతికశాస్త్రం తెలిసినవారు దీనిని పరిశీలించి వివరణ చెప్పారు. గర్భాలయంలోకి చేరేది నేరుగా పడే ఎండ కాదు. బయట నలుదిక్కులా చెదరి, మండపపు తెరపుల గుండా పక్కల నుండి వచ్చే వెలుతురు. ఆ వెలుతురును మండప స్తంభాలు కొంత కొంతగా అడ్డుకొంటాయి. వాటి నీడలు ఒకచోట కలిసి ఒకే స్తంభపు నీడవలె తోస్తాయి. వెలుతురు వచ్చే తెరపులు కదలవు గనుక నీడా కదలదు. నీడ ఉంటే దాని ఎదుట వస్తువొకటి ఉండి తీరాలని మన కన్ను అలవాటుగా నమ్ముతుంది. ఆ నమ్మకానికి కూడా హద్దు ఉన్నదని ఈ గుడి చూపుతున్నది.

మన దార్శనికులు ఈ నీడను గురించే వాదించుకొన్నారు. చీకటి నల్లగా కనబడుతుంది, కదలినట్లు తోస్తుంది గనుక అది ద్రవ్యమేనని భాట్ట మీమాంసకులన్నారు. కాదు, అది తేజస్సు లేకపోవడమే, ఆ నలుపూ కదలికా భ్రాంతులేనని నైయాయికులన్నారు. పండితులు తర్కంతో విచారించిన విషయాన్ని శిల్పి కొలతలతో మన ఎదుట నిలిపాడు.

కారణం తెలిస్తే మహిమ తగ్గుతుందా? తగ్గదని మా విశ్వాసం. వెలుతురు లేనిచోటును కూడా అర్చనాద్రవ్యంగా స్వామికి సమర్పించిన భక్తి ఎంతటిదో కారణం తెలిసినప్పుడే మనకు బోధపడుతుంది.

అయితే ఈ అర్చన మిక్కిలి సున్నితమైనది. గర్భాలయంలో ఒక్క విద్యుద్దీపం గట్టిగా వెలిగిస్తే నీడ కరిగిపోతుంది. మండపపు తెరపును ఒక గోడతో మూసినా, కొత్త పందిరితో కప్పినా శతాబ్దాల నాటి లెక్క తప్పుతుంది. జీర్ణోద్ధరణ పేరుతో రంగులు, పలకలు, దీపాలు చేర్చాలని ఉత్సాహపడే మనం, ప్రతి ప్రాచీనాలయంలోనూ ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ చీకటిని శిల్పి కావాలనే ఉంచాడా?

పానగల్లుకు వెళ్ళినవారు ఎండలో నుండి వచ్చిన వెంటనే చూచి తిరిగిపోవద్దు. మండపంలో కొంతసేపు కూర్చోండి. కన్ను చీకటికి అలవాటు పడనీయండి. అప్పుడు నీడ స్పష్టమవుతుంది. దర్శనానికి ఓర్పు కూడా ఒక ఉపచారమే.

స్వస్తి.