పడవ ఎక్కుదామంటే బెంగళూరులో నది ఏదండీ?

ఈమధ్య మన సంఘంలో చేరిన కుటుంబాల్లో గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు ఎక్కువ. పరిచయాలు, ఇంటిపేర్లు, "మీదే ఊరు" అయ్యాక వాళ్ళు అడిగేది దాదాపు ఒకటే: "ఇక్కడ నది ఎక్కడుందండీ? పిల్లల్ని ఒక ఆదివారం పడవ ఎక్కించి ఊరంతా చూపిద్దామని." అడగడంలో వింతేం లేదు. రాజమండ్రి వైపు లాంచీ ఎక్కి పాపికొండలు చూసినవాళ్ళం, బెజవాడలో భవానీ ద్వీపానికి పడవలో వెళ్ళినవాళ్ళం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవల మీద ధాన్యంతో పాటు పెళ్ళివారు కూడా పడవల్లోనే తరలి వెళ్ళేవారని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. ఊరిని నీళ్ళ మీంచి చూడడం మనకు కొత్త కాదు.

బెంగళూరులో అది కుదరదు. ఎందుకు కుదరదో తెలుసుకుంటే సగం బెంగళూరు చరిత్ర తెలిసినట్టే. అందుకే ఈ పెద్ద పోస్టు.

ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, ఒక గట్టు మీద ఉంది. గట్టుకు పడమర పడిన వాన వృషభావతిలోకి, అక్కణ్ణుంచి అర్కావతిలోకి, చివరికి కావేరికి పోతుంది. తూర్పున పడిన వాన దక్షిణ పినాకినికి చేరి, హోసూరు, కృష్ణగిరి మీదుగా తమిళనాడు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే నదులు ఈ చుట్టుపక్కల పుడతాయే తప్ప పడవ నడిచేంత పెద్దవయ్యేది మరెక్కడో. మనం ఆదివారం పొగమంచు చూడ్డానికి పరుగెత్తే నందికొండల దగ్గరే అర్కావతి, దక్షిణ పినాకిని పుట్టాయి. ఉత్తర పినాకిని పుట్టింది కూడా అక్కడే. ఉత్తర పినాకిని అంటే మరెవరో కాదు, మన పెన్న. అనంతపురం, కడప తిరిగి నెల్లూరుకు వెళ్ళే పెన్న. నెల్లూరు సభ్యులు ఇకమీద "మా నది ఇక్కడిదే" అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

నది లేని చోట ఊరు ఎలా నిలబడింది? చెరువుల మీద. 1537లో కెంపేగౌడ కోట కట్టినప్పుడు దాని చుట్టూ చెరువులు కూడా కట్టించాడు. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి చెరువులు ఆ వరసలోవే. ఒక చెరువు నిండితే అలుగు పారి కాలవ గుండా కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. రాయలసీమ, తెలంగాణ వాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మన తూము ఇక్కడ తూబు. మన అలుగు, మత్తడి ఇక్కడ కోడి. నీళ్ళు వంతులవారీగా వదిలే నీరటి ఇక్కడ నీరుగంటి. చెరువుల మధ్య పెద్ద కాలవ పేరు రాజకాలువ. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. (ఇంకో ముచ్చట: కెంపేగౌడ రాసినట్టు చెప్పే తెలుగు యక్షగానం ఒకటి ఉంది, పేరు గంగాగౌరీ విలాసం. నది లేని ఊరు కట్టినాయన గంగ పేరుతో తెలుగులో రాశాడంటే మనకు ముచ్చటే కదా.)

ఇప్పుడు ఆ చెరువుల్లో పడవ వేద్దామా? మన ఊళ్ళ నుంచి వచ్చిన బస్సు దిగే మెజెస్టిక్ ఉందే, అది ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియం శూలే చెరువు. కోరమంగల నేషనల్ గేమ్స్ విలేజ్ ఒకప్పటి కోరమంగల చెరువు. చల్లఘట్ట చెరువులో ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్నారు. ఊరు ఆటల మీద ఇంత ప్రేమ చూపించడం మంచిదే గానీ, ప్రతి ఆటకూ ఒక చెరువు కావాల్సి వచ్చింది. సంపంగి చెరువులో చిన్న కుంట మాత్రం మిగిలింది, కరగ ఉత్సవం కోసం. ఉత్సవం లేకపోతే అదీ ఉండేది కాదేమో అని మా అనుమానం.

అయినా పడవ ఎక్కాలంటే హలసూరు చెరువుకు వెళ్ళండి, బోట్ క్లబ్బు ఉంది. నడుస్తోందో లేదో ముందు కనుక్కుని బయల్దేరండి. కెంపేగౌడల కాలం నాటి ఊరు అది. 1809 ప్రాంతంలో బ్రిటిష్ వాళ్ళు కంటోన్మెంటు పెట్టింది ఆ పక్కనే. ఇప్పటికీ ఒడ్డునే మద్రాస్ శాపర్స్ కేంద్రం ఉంది, అందులో మన తెలుగు కుర్రాళ్ళూ ఉంటారు. దాదాపు 120 ఎకరాల నీళ్ళు, మధ్యలో చిన్న చిన్న దీవులు. పాపికొండలు చూసిన కళ్ళకు ఆనదు, ఒప్పుకుంటాం. కార్తీకంలో మల్లేశ్వరం కడలెకాయి పరిషె జరిగే రోజుల్లో శాంకీ చెరువులో తెప్పోత్సవం కూడా చూడొచ్చు. ఆ చెరువు 1882లో కట్టింది. 1876-78 నాటి పెద్ద కరువు తరవాత నీళ్ళ విలువ అందరికీ బాగా తెలిసొచ్చిన రోజులవి.

హలసూరు నుంచి పడవ కాలవల గుండా కిందికి పోగలిగితే, బెళ్ళందూరు చెరువులో తేలుతుంది. అక్కడికి ఒకప్పుడు గాలిలోంచే పడవలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కాటలీనా అనే, నీటి మీద వాలే విమానాలు హెచ్‌ఏఎల్‌కు మరమ్మతుకు వచ్చి ఈ చెరువులో దిగేవి. 900 ఎకరాల చెరువు మరి. ఇదే చెరువు 2015లో, 2017లో, 2018లో నిప్పంటుకుని వార్తల్లోకి ఎక్కింది. చెరువు నీళ్ళ మీద మంట. శుద్ధి చేయని మురుగు, సబ్బు నురుగు, పేరుకున్న చెత్త కలిసి అంత పని చేశాయి.

నిజంగా ఊళ్ళో పడవ ప్రయాణం జరిగింది 2022 సెప్టెంబరులో. ఔటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు పక్క కాలనీల్లో వాన నీళ్ళు నిలిచిపోయి జనాన్ని ట్రాక్టర్ల మీద, రబ్బరు పడవల్లో బయటికి తీసుకొచ్చారు. మన సభ్యులు కూడా అందులో ఉన్నారు. కారణాల్లో పెద్దది, పైన చెప్పిన రాజకాలువ. దాన్ని ఇరుకు చేసి, కొన్ని చోట్ల పూడ్చి ఇళ్ళు కట్టాం. చెరువు నిండితే కిందికి పోవాలన్న సంగతి నీళ్ళకు గుర్తుంది, మనకే లేదు. కాబట్టి ఫ్లాటు కొనేముందు ధర, మెట్రో దూరంతో పాటు పాత గ్రామ నక్షాలో కాలవ ఎటు పోతోందో చూసుకోండి. ఏ సభ్యులకైనా నక్షా చదవడం రాకపోతే సంఘంలో అడగండి, తెలిసినవాళ్ళం కూర్చుని చూద్దాం.

మరి తాగే నీళ్ళు? చెరువులు చాలక 1894లో అర్కావతి మీద హెసరఘట్ట, తరవాత 1933లో తిప్పగొండనహళ్ళి వచ్చాయి. మైసూరు రాజ్యపు నీళ్ళ పనుల్లో పెద్ద పేరు విశ్వేశ్వరయ్య గారిది. ఆయన ఇంటిపేరు మోక్షగుండం మన ప్రకాశం వైపు ఊరు. పుట్టింది నందికొండల దగ్గర ముద్దేనహళ్ళిలో. 1908 మూసీ వరదల తరవాత హైదరాబాదుకు రక్షణ పథకం వేసింది కూడా ఆయనే. అర్కావతి కూడా చాలక 1974 నుంచి కావేరి వస్తోంది: దాదాపు 100 కిలోమీటర్ల దూరం, 500 మీటర్ల ఎత్తు పంపులతో ఎక్కించి. 2024 ఎండాకాలంలో ట్యాంకరు కోసం రాత్రిళ్ళు మేలుకున్నది మనమే. ఆ ఏడాది అక్టోబరులో అయిదో దశ మొదలయ్యాక ఊరి శివార్లలోని 110 గ్రామాల వైపుకు కావేరి నీళ్ళు వస్తున్నాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. తూర్పు వైపున ఉన్న మనం కావేరి నీళ్ళు తాగుతాం. వాడి వదిలినవి మాత్రం కావేరికి తిరిగి వెళ్ళవు, పల్లం దక్షిణ పినాకిని వైపు. 2018 నుంచి వాటిలో చాలా భాగాన్ని శుద్ధి చేసి కోలారు జిల్లా ఎండిన చెరువులకు పైపుల్లో పంపుతున్నారు. కె.సి. వ్యాలీ పథకం అంటారు, రోజుకు 44 కోట్ల లీటర్ల లెక్కన వేసింది. కోలారు అంటే మనకు పరాయిది కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ చెరువులు నిండి, బోర్లలో నీళ్ళు పైకొచ్చాయని సంతోషించే రైతులున్నారు. రెండో దశ శుద్ధితో ఆపకుండా మూడో దశ కూడా చేసి పంపాలని పోరాడుతున్నవాళ్ళూ అక్కడే ఉన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉందనే మా అభిప్రాయం.

మనలో చాలామంది అపార్ట్‌మెంటు కమిటీల్లో ఉన్నారు. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట ఎస్‌టీపీ ఆపేసే చోట్లు ఉన్నాయని అందరికీ తెలుసు. ఆపిన రాత్రి ఆ నీళ్ళు రాజకాలువలోకి, అక్కణ్ణుంచి బెళ్ళందూరుకు పోతాయి. వచ్చే సమావేశానికి ఎవరి అపార్ట్‌మెంటు ఎస్‌టీపీ లాగ్‌బుక్కు వాళ్ళు ఒకసారి చూసి రండి. హలసూరుకు ఎప్పుడు వెళ్దామో ఆ రోజే అనుకుందాం.